నీళ్ళు పోయే దారి

యూనివర్సిటీకి తాళాలేసి
మమ్మల్ని లారీలెక్కించి పల్లెలకు తోలిన ఏడాది
నాకు పంతొమ్మిది.
నా వాటాకి కోన్సో కొండలొచ్చాయి.
ఒక దుప్పటి, క్వినైన్ మాత్రలు,
చుట్టచుట్టిన చరిత్ర పటం.

పటంలో ఐదు మెట్లు.
అడుగున ఆకులు కట్టుకున్న మనిషి,
పైన సుత్తి పట్టుకుని
ఎండకి కళ్ళు చికిలించిన మనిషి.
మధ్యలో సంకెళ్ళు, కిరీటం, పొగగొట్టం.
ఎక్కడమే గానీ దిగడం లేదు.

మోరా అంటారు వాళ్ళు,
కుర్రాళ్ళు రాత్రి కాపలాకి పడుకునే చావడి.
దాని స్తంభానికి పటం తగిలించి
రెండు గంటలు మాట్లాడాను.
ఒర్కాయిదో ముసలాయన ముక్కుపొడుం పీల్చి
చాలాసేపు చూశాడు.
"మడులు బాగానే కట్టారు," అన్నాడు.

మడులు కావన్నాను.
మాట మార్చి చెప్పే పిల్లాడు నవ్వాపుకున్నాడు.
"మడులు కాకపోతే మెట్లెందుకమ్మా?
సరే, వానొస్తే నీళ్ళు పోయే దారేది?
పైది తెగితే కిందవన్నీ ఊడ్చుకుపోవూ?
మీ మేస్త్రీ కొత్తవాడా?"

ఆయన వెనక కొండంతా మెట్లే.
రాయి మీద రాయి, సున్నం లేదు, సిమెంటు లేదు,
ప్రతి గోడకీ ఓ మూల చిన్న తూము.
నేను నోటుబుక్కులో రాసుకున్నాను:
చైతన్య స్థాయి, తక్కువ.

రాత్రి జొన్నముద్దలు, ఉడికించిన మునగాకు.
లాంతరు దగ్గర డెంబెలాష్ ఉత్తరం, గామో కొండల నుంచి, పదకొండు పేజీలు.
మన దేశం మూడో మెట్టు మీదుందా,
లేక పటంలో చోటే దొరకని ఆసియా పద్ధతా?
ఆఫ్రికాలో కూర్చుని
ఆసియా గురించి కొట్టుకున్నాం మేమిద్దరం.
"నీ పటంలో ఆరో గడి గియ్యి,
పెన్సిల్‌తోనే గియ్యి" అని రాశాడు చివర్న.
గియ్యలేదు.

కుండలు చేసే ఖపోలేకి మాత్రం పటం నచ్చింది.
సుత్తి మనిషి మీద వేలు పెట్టి అడిగింది:
"వీడు కమ్మరే కదా. ఆ పైన
కమ్మరికి రైతులు పిల్లనిస్తారా?"
రైతులెవరూ మాట్లాడలేదు.
ఇస్తారన్నాను.
ఆ ఊళ్ళో నేను తడుముకోకుండా చెప్పిన మాట అదొక్కటే,
నిజమో కాదో నాకిప్పటికీ తెలీదు.

వెళ్ళేముందు రోజు ఒర్కాయిదో
కిరీటం బొమ్మ దగ్గర ఆగాడు.
"ఈ మెట్టు మా రాళ్ళలోంచి లేవలేదు.
మా నాన్న పాలు తాగే రోజుల్లో
గుర్రమెక్కి వచ్చింది.
తేనె అడిగింది, జొన్నలడిగింది,
మా ఇళ్ళు లెక్కపెట్టి పంచుకుంది.
నీ భాషే మాట్లాడింది."

మా ఇంట్లో తాతయ్య ఫోటో ఉండేది,
తలకి సింహం జూలు, చేతిలో తుపాకీ.
మన పొలాలెక్కడమ్మా అంటే
"దక్షిణాన" అనేది అమ్మ,
అదేదో దిక్కే తప్ప ఊరు కానట్టు.

మోరా ముందు తరానికొక మాను పాతుతారు.
ఆకాశంలోకి నిలబెట్టి
పాతవాటితో కలిపి తాళ్ళతో కడతారు.
అడుగున చెదలు తిని కొన్ని
నేల అంటకుండా వేలాడుతున్నాయి.
"ఇవి కూడా లెక్కలోకొస్తాయా?"
"పడేదాకా వస్తాయి."

మూడేళ్ళకి రాజధానిలో పైమెట్టు తెగింది.
డెంబెలాష్‌ని ఇంటి ముందే పడేసి పోయారు,
వాళ్ళమ్మ తూటా ఖరీదు కట్టి
శవాన్ని లోపలికి తెచ్చుకుంది.
ఏ గడిలో వెయ్యాలి ఇది?
అతని పదకొండు పేజీలు నేనే తగలబెట్టాను.
భయమేసింది, అంతే.

పటం ఉంది. ఓ మూల మేక కొరికింది.
మొన్న పెద్దవానకి అద్దిస్‌లో మా వీధి మునిగినప్పుడు
మంచం కింద నుంచి పైకి తీశాను.
కళ్ళజోడు వెతుక్కుని, పెన్సిల్ చెక్కుకుని
మెట్ల పక్కన కాలువొకటి గీశాను,
పైనుంచి కిందికి.
ఆకుల మనిషి పాదాల దాకా వచ్చాక
ఎటు తిప్పాలో తెలీలేదు.
అక్కడే ఆపాను.